మెట్ట చేనిమీద మొదటి హక్కు ఎవరిది?

కర్నూలు, కడప జిల్లాల మెట్ట ప్రాంతంలో ఒక చేనిమీద ఒకే అప్పు ఉండడం అరుదు. బ్యాంకులో పంట రుణం ఉంటుంది. బోరుకో, డ్రిప్పుకో సొసైటీలో తీసుకున్న దీర్ఘకాలిక రుణం ఉంటుంది. బిడ్డ పెళ్లికో, ఎండిపోయిన బోరు పక్కనే ఇంకో బోరుకో ఊళ్లో రాసిచ్చిన తనఖా దస్తావేజు ఉంటుంది. పంట చేతికొస్తున్నన్నాళ్లూ ఈ ముగ్గురికీ తగవు లేదు. ఒకరి గురించి ఒకరికి తెలియకపోయినా నడిచిపోతుంది. చేను వేలానికో, అమ్మకానికో, భూసేకరణకో వచ్చిన రోజున ‘డబ్బు ముందు ఎవరికి?’ అన్న ప్రశ్న లేస్తుంది.

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు లేక కాదు, ఎక్కువ జవాబులు ఉండి చిక్కు పడింది. ఆస్తి బదిలీ చట్టం ఒకటి చెబుతుంది, రిజిస్ట్రేషన్ చట్టం దానికి మెలిక పెడుతుంది, రెవెన్యూ వసూలు చట్టం రెండింటినీ దాటిపోతుంది, సహకార చట్టం తన సంఘాలకు వేరే దారి చూపుతుంది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం వీటన్నిటికీ ఒక రిజిస్టరు తెస్తానంది. ఏడాది తిరక్కముందే, 2024లో, కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. 2020లో మొదలైన భూముల రీసర్వే మాత్రం ఆ చట్టంతో పాటు పోలేదు. అందుకే మొదటి హక్కు ఎవరిదన్న వాదాల్ని ఒకసారి వరుసలో పెట్టి చూడడం అవసరం.

శిస్తు ముందు, తనఖా తర్వాత

దత్తమండలాలు 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద ఉంది. 1800 నుంచి 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతికి ఇక్కడే రూపం ఇచ్చాడు. వెళ్లిపోయే ముందు శిస్తును నాలుగో వంతు తగ్గించాలని తానే సిఫారసు చేశాడు. శిస్తు అంత బరువుగా ఉన్న చేనికి అమ్మకపు విలువ పెద్దగా ఉండదు. అమ్మకపు విలువ లేని చేనిని తాకట్టు పట్టేవాడూ ఉండడు. ఆ రోజుల్లో అప్పు ఎక్కువగా పంటను, ఎద్దులను, మనిషి మాటను నమ్ముకుని నడిచింది.

1864లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి దస్తావేజుల రిజిస్ట్రేషన్ చట్టం. రెండోది మద్రాసు రెవెన్యూ వసూలు చట్టం, ఇప్పటికీ ఆంధ్ర ప్రాంతంలో అమల్లో ఉన్నది. మొదటిది తనఖాకు ఒక పుస్తకం ఇచ్చింది. రెండోది శిస్తు బాకీకి భూమిని వేలం వేస్తే ఆ పుస్తకంలోని భారాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయని 42వ సెక్షన్‌లో చెప్పింది. ఒక చేత్తో వరుస రాసిన సర్కారు, ఇంకో చేత్తో ఆ వరుసకు పైన తన పేరు రాసుకుంది.

1882లో ఆస్తి బదిలీ చట్టం తనఖాలను రకాలుగా విడగొట్టింది. మన పక్క వాడుకలో ఉన్నవి ప్రధానంగా మూడు: చేను రైతు దగ్గరే ఉండే మామూలు తనఖా, అప్పిచ్చినవాడే దున్నుకునే భోగ్య తనఖా, గడువులోగా డబ్బు కట్టకపోతే అమ్మకంగా మారే ముద్దతు క్రయం. 1876–78 కరవు తర్వాత వచ్చిన 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం తక్కావీ పేరుతో సర్కారును కూడా అప్పులిచ్చేవాళ్ల వరుసలో నిలబెట్టింది. 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు రాష్ట్రానికి వ్యవసాయ బ్యాంకుల గురించి రెండు సంపుటాల నివేదిక రాశాడు. 1904లో సహకార పరపతి చట్టం, 1929లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు, 1934లో ఆ బ్యాంకుల కోసం ప్రత్యేక చట్టం వచ్చాయి. కోర్టుకు పోకుండానే తనఖా భూమిని అమ్ముకునే అధికారం వాటికి దక్కింది. వాటికి తనఖా పడిన తర్వాత ఇచ్చిన తక్కావీ బాకీ వాటి వెనకే నిలవాలన్న నియమం కూడా అక్కడే ఉంది.

అయినా 1950ల మొదట్లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి సర్వేలో దేశం మొత్తంమీద రైతు అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం. దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులది. వరుసలో ఎవరు ముందన్నది అప్పుడు కాగితం మీది ప్రశ్నే, ఎందుకంటే వరుసలో ఉన్నవాడు దాదాపు ఒక్కడే. ప్రొద్దుటూరు, ఆదోని షావుకార్లకు పోటీదారులు వచ్చింది 1969 బ్యాంకుల జాతీయీకరణ తర్వాత, 1976లో కడప కేంద్రంగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు పుట్టిన తర్వాత.

తేదీయే ప్రమాణం అనేవారు

మొదటి వాదం పాతది, సరళమైనది. ఒకే ఆస్తిమీద వేర్వేరు సమయాల్లో హక్కులు ఇస్తే ముందు ఇచ్చినదే ముందు అని ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షన్ అంటుంది. అప్పిచ్చిన ముగ్గురిలో ఎవరు మంచివాడు, ఎవరు పెద్దవాడు అన్నది లెక్కలోకి రాదు. కంపెనీల మూసివేతలో కూడా ఈ సెక్షన్ ప్రకారం మొదటి, రెండో ఛార్జీల వరుస చెల్లుతుందని 2006లో సుప్రీంకోర్టు సిడ్కో లెదర్స్ కేసులో చెప్పింది.

చిక్కు వచ్చేది ‘ముందు’ అంటే ఎప్పటి నుంచి అన్న దగ్గర. రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం దస్తావేజు చెల్లుబాటు దాన్ని రాసిన రోజు నుంచే, రిజిస్టరైన రోజు నుంచి కాదు. రాసిన తర్వాత నాలుగు నెలల్లోగా రిజిస్ట్రారు ముందు పెట్టవచ్చు. మార్చి 1న ఒకరికి తనఖా రాశారనుకుందాం, అది జూన్ 20న రిజిస్టరైంది. మధ్యలో ఏప్రిల్ 10న ఇంకొకరు ఈసీ (భారాల ధ్రువపత్రం) తీయించి, అందులో ఏమీ కనబడక, అప్పిచ్చి అదే రోజు రిజిస్టరు చేయించుకున్నారు. వరుసలో మార్చి 1 వాడే ముందు. ఏప్రిల్ వాడు చేయాల్సినదంతా చేశాడు, చూడాల్సినదంతా చూశాడు. అయినా వెనకపడ్డాడు. ఇంగ్లండులో ఈ సందును పూడ్చడానికి భూమి రిజిస్ట్రీ వెతుకులాటతోనే రక్షణ ఇస్తుంది: వెతికిన రోజు నుంచి 30 పనిదినాలపాటు ఇంకెవరూ ముందుకు దూరలేరు. మన ఈసీ గతం చెబుతుందే తప్ప రేపటికి హామీ ఇవ్వదు.

పత్రాల జమ దగ్గర ఈ వాదం ఇంకా ఇబ్బంది పడుతుంది. హక్కు పత్రాలు రుణదాతకు అప్పగిస్తే చాలు, తనఖా అయిపోతుంది, రాతకోతలు అక్కర్లేదు. ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణంలో అప్పగించాలన్నదే షరతు. చేను ఏ ఊళ్లో ఉన్నా ఫరవాలేదు, కానీ నోటిఫై కాని ఊరి శాఖలో పాసు పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టుకుంటే ఈ పద్ధతిలో తనఖా ఏర్పడదు. రిజిస్ట్రేషన్ చట్టానికి 1929లో చేసిన సవరణ ఈ జమకు అదనపు బలం ఇచ్చింది: తర్వాత రాసి రిజిస్టరు చేసిన తనఖా మీద కూడా ముందటి జమదే పైచేయి. అంటే ఎక్కడా నమోదు కాని హక్కు, నమోదైన హక్కును ఓడించగలదు. జమ మెమోరాండం రిజిస్టరు చేయించడం ఇప్పుడు బ్యాంకుల్లో బాగా పెరిగింది. రుణం ఒప్పందం మొత్తం ఆ కాగితంలోనే ఉంటే రిజిస్ట్రేషన్ తప్పదని, జరిగిపోయిన జమను గుర్తుపెట్టే చీటీ మాత్రమే అయితే అక్కర్లేదని సుప్రీంకోర్టు 1950 నుంచీ చెబుతున్న మాట. ఆ గీత ఏ కాగితంలో ఎక్కడ పడుతుందన్నది లాయర్లకు ఇప్పటికీ పని కల్పిస్తూనే ఉంది.

1971 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ఇందులోకి ఇంకో పత్రాన్ని తెచ్చింది. సవరణల తర్వాత, ఆ చట్టం కింద ఇచ్చిన టైటిల్ డీడ్‌కు తనఖా పెట్టే పని వరకు రిజిస్టరు దస్తావేజుతో సమానమైన సాక్ష్యవిలువ ఉంది. భాగపంపిణీ నోటిమాటతో ముగిసిన కుటుంబాలకు ఇది పెద్ద మేలు, ఎందుకంటే వాళ్ల దగ్గర వేరే దస్తావేజే లేదు. కానీ పాత క్రయ దస్తావేజు ఒక బ్యాంకులో, పాసు పుస్తకం ఇంకో బ్యాంకులో, పోయిందని చెప్పి తీసుకున్న నకలు మూడోచోట ఉండే వీలు కూడా దీనితోనే వచ్చింది. అలాంటప్పుడు ఆస్తి బదిలీ చట్టం 78వ సెక్షన్ గుర్తుకొస్తుంది: ముందున్న రుణదాత ఘోరమైన అజాగ్రత్త వల్ల వెనకటివాడు మోసపోతే, ముందున్నవాడే వెనక్కి పోవాలి. ఏది ఘోరం, ఏది మామూలు అజాగ్రత్త అన్నదానికి కొలత లేదు.

తేదీ వాదంలోనే బ్యాంకులు తరచు కాలు జార్చే చోట్లు ఇంకో రెండున్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి ఏటా పదిశాతం చొప్పున పెరిగేలా 2012లో మార్చారు. మొదట మూడు లక్షలకు తనఖా పట్టిన బ్యాంకు తర్వాత ఐదు లక్షలకు పెంచితే, పెరిగిన రెండు లక్షలు పాత తేదీకి అంటుకోవు. మధ్యలో ఇంకొకరి తనఖా పడి ఉంటే అవి ఆ తనఖా వెనకే. మొదటి తనఖాలోనే గరిష్ఠ మొత్తం రాసి ఉంటేనే 79వ సెక్షన్ ఆ మొత్తం దాకా ముందు వరుస కాపాడుతుంది. రెండోది టేకోవర్. ఒక బ్యాంకు అప్పు ఇంకో బ్యాంకు తీర్చేస్తే, తీర్చిన బ్యాంకు పాత బ్యాంకు స్థానంలో నిలబడాలంటే రైతు రిజిస్టరు దస్తావేజు ద్వారా ఒప్పుకుని ఉండాలని 92వ సెక్షన్. ఒక్క కాగితం రిజిస్టరు చేయించుకోకపోతే మొదటి స్థానం కొన్నవాడు చివరి స్థానంలో తేలతాడు.

పుస్తకంలో ఉన్నదే హక్కు అనేవారు

రెండో వాదం దీన్నంతా చూసి విసిగినవాళ్లది. కనబడని హక్కుకు ముందు వరుస ఇవ్వొద్దు. నమోదైన క్రమమే వరుస. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతి ఈ వాదానికి మూలం. మన దగ్గర నీతి ఆయోగ్ 2020లో ఇచ్చిన నమూనా చట్టం, దాని దారిలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టం ఇదే మార్గం. అందులో హక్కుల రిజిస్టరు ఒకటి, వివాదాల రిజిస్టరు ఒకటి, ఛార్జీలు–ఒడంబడికల రిజిస్టరు ఇంకొకటి. రెండేళ్లు అభ్యంతరం లేకపోతే హక్కు నిశ్చయమైపోతుంది. సివిల్ కోర్టుకు దారి మూసి, అప్పీలు అధికారి దగ్గరికీ, ఆపైన హైకోర్టుకీ పొమ్మంది. గొడవంతా దాని చుట్టూనే నడిచింది. లాయర్లు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అది ప్రచారాంశమైంది, చట్టం పోయింది. మూడో రిజిస్టరు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

నా లెక్కన అసలు నష్టం అక్కడే జరిగింది. ఎవరి చేను అన్నది తేల్చడం ఒక పని. దానిమీద ఎవరెవరి అప్పు ఏ వరుసలో ఉందో ఒకచోట చూపించడం వేరే పని. మొదటిది తరాల తగాదాలను కదిలిస్తుంది. రెండోదానికి కొత్తగా హక్కు తేల్చాల్సిన అవసరమే లేదు, ఉన్న పట్టాదారు పేరు మీదే వరుస రాయవచ్చు. చిన్నదీ అవసరమైనదీ అయిన పనిని, పెద్దదీ భయపెట్టేదీ అయిన పనికి కట్టి పంపారు. రెండూ కలిసే మునిగాయి.

ప్రస్తుతం పుస్తకాలు లేవని కాదు, ఎక్కువున్నాయి. సబ్ రిజిస్ట్రారు దగ్గర ఈసీ. 1998లో కార్డ్ పేరుతో కంప్యూటరీకరణ మొదలైంది, ఆన్‌లైన్‌లో 1983 దాకా దొరుకుతుంది, అంతకు ముందువి చేతిరాత పుస్తకాల్లో వెతకాలి. రెవెన్యూ వైపు 1-బి (హక్కుల రికార్డు), అడంగల్ (సాగు రికార్డు). 2015లో వచ్చిన మీభూమిలో ఎవరైనా చూడవచ్చు, బ్యాంకులు లోన్ ఛార్జ్ ఎక్కించేది వీటిలోనే. 2011 నుంచి కేంద్రంలో సెర్సాయ్ రిజిస్ట్రీ, ముఖ్యంగా బ్యాంకుల కోసం. ఊళ్లో అప్పిచ్చే మనిషి ఈసీ తీస్తాడు, 1-బి చూస్తాడు కాని సెర్సాయ్ పేరు కూడా విని ఉండడు. బ్యాంకు సెర్సాయ్ చూస్తుంది, 1-బి చూస్తుంది, చిన్న పంట రుణానికి ఈసీ దాకా పోకపోవచ్చు.

అన్నిటికన్నా తేలనిది 1-బిలో పడిన ఆ ఒక్క పంక్తి. హామీ లేకుండా ఇవ్వాల్సిన పంట రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు 2010లో లక్షకు, 2019లో లక్షా అరవై వేలకు, 2025 జనవరి నుంచి రెండు లక్షలకు పెంచింది. అంతలోపు రుణానికి తనఖా ఉండకూడదు. కానీ ఆ రుణానికి కూడా 1-బిలో బ్యాంకు పేరు ఎక్కడం మామూలే. అది తనఖానా, ఛార్జా, లేక ఎదుటివాళ్లకు హెచ్చరికా? తనఖా అయితే వరుసలో చోటుంటుంది. హెచ్చరిక మాత్రమే అయితే చోటు లేదు. రైతుకు మాత్రం తేడా కనబడదు. ఛార్జ్ తీయించకుండా అతను చేను అమ్మలేడు.

సర్కారు, సొసైటీ ముందు అనేవారు

మూడో వాదం తేదీని, పుస్తకాన్ని రెండింటినీ పక్కనపెడుతుంది. కొన్ని బాకీలు పుట్టుకతోనే ముందు ఉండాలన్నది దీని మాట. భూమి శిస్తు, నీటి తీరువా, చట్టం మొదటి ఛార్జ్ ఇచ్చిన పన్నులు ఇందులోవి. తనఖా ముందే ఉన్నా చట్టం సృష్టించిన మొదటి ఛార్జ్ దాన్ని దాటుతుందని 1995లో ఒకసారి, 2009లో కేరళ కేసులో ఇంకోసారి సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చట్టం లేకపోతే, సర్కారు బాకీ అయినంత మాత్రాన హామీ ఉన్న రుణదాతను దాటలేదని 2000లో దేనా బ్యాంకు కేసులో తేల్చింది.

ఇక్కడ మన ప్రాంతానికి బాగా పనికొచ్చే భేదం ఒకటుంది. రెవెన్యూ వసూలు చట్టం కింద చాలా బాకీలను, కొన్ని బ్యాంకుల, కార్పొరేషన్ల బాకీలతో సహా, ‘శిస్తు బాకీలా’ వసూలు చేయవచ్చు. శిస్తులా వసూలు చేసినంత మాత్రాన శిస్తు పొందిన మొదటి వరుస రాదు. 1880లలో అబ్కారీ బాకీల వేలాల మీద వచ్చిన కేసుల్లోనే మద్రాసు హైకోర్టు ఈ గీత గీసింది: ఆ భూమి శిస్తు కోసం వేసిన వేలంలోనే భారాలు పోతాయి, వేరే బాకీ కోసం వేసిన వేలంలో పాత తనఖా బతికే ఉంటుంది. తహసీల్దారు ఆఫీసు వేలంలో చేను కొన్నవాడు అంతా శుభ్రమైపోయిందనుకుంటే, అది ప్రతిసారీ నిజం కాదు.

సహకార సంఘాలకు పంట మీద, అప్పుతో కొన్న పశువులు, పనిముట్ల మీద మొదటి ఛార్జ్ 1912 నాటి చట్టం నుంచే ఉంది, శిస్తు తర్వాత. అది భూమిమీద కాదన్నది గుర్తుంచుకోవాలి. భూమిమీద సొసైటీకి హక్కు వేరుగా రావాలి, ఎక్కువగా తనఖా నుంచి. 1987లో సింగిల్ విండో పద్ధతి వచ్చి, భూమి తనఖా బ్యాంకుల పని ప్రాథమిక సంఘాల్లో కలిశాక, ఒకే సొసైటీకి ఒకే రైతు మీద రెండు రకాల హక్కులు ఏర్పడ్డాయి: పంట మీద చట్టం ఇచ్చినది, చేని మీద దస్తావేజు ఇచ్చినది. రెండూ ఒకే వరుసలో ఉన్నాయని కార్యదర్శి అనుకుంటాడు. ఉండవు.

2016లో పార్లమెంటు ఈ వాదాన్ని తిరగేసింది. బ్యాంకులు కోర్టుకు పోకుండానే హామీ ఆస్తిని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టంలో, 2020 జనవరి నుంచి అమలైన 26-ఇ సెక్షన్ ప్రకారం సెర్సాయ్‌లో నమోదు చేసిన రుణదాత పన్నుల కన్నా ముందు. కాని 31వ సెక్షన్ వ్యవసాయ భూమి హామీని ఆ చట్టం నుంచే తప్పించింది. ఆ భూమి వ్యవసాయ భూమేనా అన్నది రికార్డులో రాసి ఉండడం వల్ల తేలదు, హామీ ఇచ్చిన నాటికి నిజంగా సాగులో ఉందా అన్నది చూడాలని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కర్నూలు చుట్టుపక్కల ప్లాట్లుగా మారబోయే చేలకు ఈ మాట చాలా దూరం పోతుంది. ఇంకోవైపు, రుణ వసూలు ట్రైబ్యునళ్ల చట్టంలో 2016లోనే చేర్చిన 31-బి కూడా హామీ ఉన్నవాళ్లను పన్నుల కన్నా ముందు నిలబెట్టింది, వ్యవసాయ భూమికి మినహాయింపు లేకుండా. కాని ట్రైబ్యునల్ గడప ఎక్కాలంటే బాకీ 20 లక్షలు ఉండాలి. ఐదెకరాల శనగ రైతు అప్పు అంత ఉండదు. చీనీ తోటకో, కోల్డ్ స్టోరేజీకో తీసుకున్నది ఉండవచ్చు. చిన్న రైతు చేనిమీద నీటి తీరువాకు దక్కే వరుస, పెద్ద తోటమీద దక్కకపోవచ్చు.

సర్కారు పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూముల్లో కథ వేరు. 1977 నాటి చట్టం బదిలీని నిషేధిస్తూనే ప్రభుత్వం, సహకార సంఘాలు, షెడ్యూల్డు బ్యాంకుల తనఖాలకు మినహాయింపు ఇచ్చింది. ఊళ్లో మనిషి పట్టిన తనఖా అక్కడ చెల్లదు కాబట్టి వరుస ప్రశ్నే రాదు. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు 2023 సవరణ పూర్తి హక్కు ఇచ్చింది. అంతకుముందు చెల్లకుండా రాసిన కాగితాలు ఆ రోజు నుంచి ప్రాణం పోసుకుంటాయా అన్న వాదన కోర్టులకు రాక తప్పదు.

రైతును వదిలిపెట్టాలనేవారు

నాలుగో వాదం వరుస గురించి కాదు, వరుసలోంచి కొందరిని తీసేయడం గురించి. 1935లో సత్యనాథన్ మద్రాసు రాష్ట్ర రైతు రుణభారం మీద ఇచ్చిన నివేదిక తర్వాత, 1938లో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల సహాయ చట్టం బాకీలను కోసింది. 1948లో చేర్చిన సెక్షన్ భోగ్య తనఖాలో 30 ఏళ్లు దున్నుకున్న రుణదాతకు బాకీ తీరినట్టేనంది. 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చిన్న రైతులు, కూలీలు, చేతివృత్తులవాళ్లు ప్రైవేటు వ్యక్తులకు ఉన్న బాకీలను రద్దు చేసి, బ్యాంకులను, సొసైటీలను ముట్టుకోలేదు. తేదీ ప్రకారం మొదట ఉన్న షావుకారు వరుసలోంచి పోయి, వెనకున్న సొసైటీ మొదటిదైంది. 2008 కేంద్ర మాఫీ, 2014 రాష్ట్ర రుణ ఉపశమనం దీనికి తిరగబడ్డ రూపం: అక్కడ తీరింది బ్యాంకు అప్పు. ముందున్న బ్యాంకు తనఖా పూర్తిగా తీరితే వెనకున్న ప్రైవేటు తనఖా ఒక మెట్టు పైకెక్కుతుంది. ఖజానా కట్టిన డబ్బు వెనక నిలబడ్డ షావుకారు హామీని గట్టిచేసింది. రుణమాఫీ చర్చల్లో ఈ మాట చాలా తక్కువగా వినబడుతుంది.

షావుకార్లు కూడా ఊరుకోలేదు. తనఖా రద్దవుతుందన్న భయంతో అమ్మకం దస్తావేజే రాయించుకోవడం, తిరిగి రాసిస్తానన్న ఒప్పందం విడి కాగితం మీద పెట్టుకోవడం పెరిగింది. ఆస్తి బదిలీ చట్టానికి 1929లో చేసిన సవరణ ప్రకారం ఆ షరతు అదే దస్తావేజులో లేకపోతే అది తనఖా కాదు, అమ్మకమే. వరుసలో వెనక నిలబడడం ఇష్టం లేనివాడు వరుసే వదిలేసి యజమాని అయ్యాడు.

ఒకే చేను, నాలుగు లెక్కలు

ఈ వాదాల మధ్య తేడా ఎంతో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఐదెకరాల మెట్ట చేను వేలంలో 9 లక్షలు పలికింది. 2018లో బ్యాంకు దగ్గర పత్రాల జమ, దానిమీద ఇప్పటి బాకీ 4 లక్షలు. 2019లో సొసైటీకి బోరు రుణం తనఖా, బాకీ 6 లక్షలు. 2020లో ఊళ్లో ఒకరికి రిజిస్టరు తనఖా, బాకీ 9 లక్షలు. 2022లో బ్యాంకు పరిమితి పెంచగా వచ్చిన బాకీ ఇంకో 3 లక్షలు.

తేదీ ప్రకారం పోతే బ్యాంకుకు 4, సొసైటీకి 5, ఊళ్లోవాడికి సున్నా. 2018 కాగితంలో గరిష్ఠ మొత్తం రాసుకుని ఉంటే బ్యాంకుకు 7, సొసైటీకి 2. నమోదే వరుస అయి, బ్యాంకు తన జమను 2021 దాకా ఎక్కించకపోతే సొసైటీకి 6, ఊళ్లోవాడికి 3, బ్యాంకుకు సున్నా. సొసైటీయే ముందనేవారి మాట చెల్లితే సొసైటీకి 6, బ్యాంకుకు 3. ఇప్పుడు ఇదే ఐదెకరాలు నంద్యాల పక్క కేసీ కెనాల్ కింద ఉండి 25 లక్షలు పలికిందనుకుందాం. బాకీలన్నీ కలిపి 22 లక్షలే. నాలుగు లెక్కల్లోనూ అందరికీ ముట్టి, రైతుకు కొంత మిగులుతుంది. వరుస తగవు నీళ్లున్న చోట పుట్టదు. ప్రాధాన్య న్యాయశాస్త్రం మన దగ్గర మెట్ట పంట.

అందుకే ఆలూరు, పత్తికొండ, జమ్మలమడుగు పక్కన రెండో రుణదాత వడ్డీ అంత ఎక్కువ. అతను వడ్డీలోనే తన స్థానం ఖరీదు వసూలు చేసుకుంటున్నాడు. స్థానం ఏమిటో ముందే ఖాయంగా తెలిస్తే ఆ వడ్డీ కొంతైనా తగ్గే వీలుంది. తెలియనప్పుడు అతను చివరి స్థానమేనని అనుకుని లెక్క కడతాడు.

తేలనివి

సోలార్ కౌళ్లు మొదటివి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని–శకునాల, కడప జిల్లా మైలవరం పార్కుల తర్వాత ప్రైవేటు మెట్ట భూముల్ని ముప్పై ఏళ్ల దాకా కౌలుకు అడిగే కంపెనీలు పెరిగాయి. తనఖా ఉన్న చేనిని రైతు కౌలుకిస్తే, ఆస్తి బదిలీ చట్టం 65-ఎ సెక్షన్ షరతులకు లోబడిన కౌలే రుణదాతను కట్టేస్తుంది. దీర్ఘ కౌలుకు బ్యాంకు ఒప్పుదల కావాలి. ఊళ్లో తనఖా పట్టినవాణ్ని అడిగేవాళ్లు తక్కువ. కంపెనీ తన కౌలు హక్కునే ఇంకో పెద్ద బ్యాంకులో తాకట్టు పెడుతుంది. పాత తనఖాదారు తన చేను వేలం వేయించుకుంటే ఆ కౌలు నిలుస్తుందా, పలకలు ఎవరివి, కౌలు డబ్బు ఎవరికి అన్నవి ఒకదానికొకటి తగులుకుని ఉన్న ప్రశ్నలు.

భూసేకరణ విషయంలో ఆస్తి బదిలీ చట్టం 73వ సెక్షన్ కొంత స్పష్టం: పరిహారం మీదికి తనఖా హక్కు మారుతుంది, ముందున్న తనఖాదారు తప్ప మిగతావాళ్లందరి కన్నా ముందు. అయితే పరిహారం పంచే అధికారి చూసేది రెవెన్యూ రికార్డు. తనఖా ఉండేది ఈసీలో.

కౌలు రైతుల రుణం ఇంకొకటి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డుతో పంట రుణం తీసుకోవచ్చు. అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, ఒకే పంట మీద ఇద్దరి హక్కు పడుతుంది. పంట వేసింది ఒకరు, ముందు తేదీ ఇంకొకరిది. ఆచరణలో బ్యాంకులు రెండో రుణం ఇవ్వకపోవడం ద్వారా ఈ ప్రశ్నను తప్పించుకుంటున్నాయి.

2025 మే 1న, ఈ జిల్లాల్లో పనిచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా రాష్ట్రం మొత్తానికి ఒకే గ్రామీణ బ్యాంకులో కలిసింది. కలయిక వల్ల హక్కులు పోవు, చట్టరీత్యా కొత్త బ్యాంకుకు చేరతాయి. కాని 1-బిల్లో పాత పేర్లు ఎన్నాళ్లుంటాయో, ఛార్జ్ తీయించాల్సిన రైతు ఎవరి దగ్గరికి పోవాలో క్షేత్రంలోనే తేలాలి.

చివరిది, బహుశా అందరికన్నా ముందు కోర్టుకెక్కేది, రీసర్వే చేసిన గ్రామాలది. 2020 డిసెంబరులో మొదలైన ఈ సర్వేలో సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి చేలు ఒకే ఎల్‌పీఎం కిందికి చేరాయి. పాత సబ్‌డివిజన్ మీద అన్న తీసుకున్న అప్పు ఛార్జ్, ఇప్పుడు తమ్ముడి భాగం కూడా ఉన్న నంబరు మీద కనబడుతుంది. తమ్ముడు వేరే బ్యాంకుకు పోతే, తాను పెట్టని తనఖా తన కన్నా ముందు నిలబడి ఉంటుంది. ఎల్‌పీఎం విడగొట్టే అధికారం తహసీల్దారు, సర్వేయరు చేతిలో ఉంది. విడగొట్టాక ఆ తనఖా ఏ ముక్క వెంట పోవాలో తేల్చే అధికారం సివిల్ కోర్టుది. విడగొట్టే రోజున రుణదాతకు నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది ఈ రెండింటి మధ్య ఉంది.